గోడకు చెప్పిన కొలత

కిందటి వారం మనం దుంగను రంపం నోట్లో వదిలేసి వచ్చాం. ఇప్పటికీ అది అక్కడే ఉంది. రంపం దాన్ని మింగలేదు, కక్కలేదు.

గాలివానకు రొట్టెల బట్టీ వెనక కూలిపోయిన మాను అది. దాన్ని నిలువునా కోయించి, అతుకు లేని ఒకే పలకతో పిండి పిసికే బల్ల చేయించుకోవాలని బట్టీ ఆయన ఆశ. అతుకుల్లో పిండి ఇరుక్కుంటుంది, ఇరుక్కున్నది పులుస్తుంది, పులిసింది మర్నాటి రొట్టెను పాడుచేస్తుంది. అందుకని ఆయన ఆ మానును ముక్కలు చేయనివ్వకుండా, బండి మీద అలాగే ఎక్కించి అన్నదమ్ముల కోతమిల్లుకు తెచ్చాడు. ఇంత లావు దుంగ ఆ మిల్లు పట్టాల మీద ఎన్నడూ కూర్చోలేదు. దేవుడు చెట్టును పెంచేటప్పుడు మిల్లువాళ్ళ కొలతలు అడగడు కదా. అడిగి ఉంటే బాగుండేదా అంటే, అదీ చెప్పలేం.

చివర వైపు నుంచి కోత వెన్నలో చాకులా సాగింది. మొదలు దగ్గరకు వచ్చేసరికి చెవులు చిల్లులు పడేలా ఒక కీచు, ఒక కుదుపు. మోటారు ఆగిపోయింది. దుంగ మూపు రంపం పైచక్రం మూతకు తగులుకుందని అందరూ అనుకున్నారు. సరిగ్గా ఆ సమయానికి, మిల్లును అన్నదమ్ములిద్దరికీ పంచి పెట్టడానికి వాళ్ళ అక్క గుమ్మంలో అడుగుపెట్టింది.

ఆవిడ పనిచేసింది బడిలో పెద్ద పంతులమ్మగా. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకు రెండోసారి అడిగే ధైర్యం రాలేదు. నడుముకు పెద్ద తాళాలగుత్తి. ఆవిడ వస్తోందని ముందు ఆ గుత్తి చెబుతుంది, తర్వాత గొంతు చెబుతుంది. ఆ గుత్తిలో సగం చెవులకు తాళాలే లేవు. తల మీద పువ్వు గుర్తున్న ఒక చిన్న ఇత్తడి చెవిని చూసి, “ఇదెందుకు వదినగారూ, పారేయకూడదూ?” అని చిన్నకోడలు ఒకసారి అడిగింది. ఆ పూటంతా ఆవిడ అన్నం ముట్టలేదు.

“రంపం, మోటారు పెద్దోడికి. ట్రాలీ, పట్టాలు చిన్నోడికి,” అంది అక్క, చెప్పులు కూడా విప్పకుండా.

“ట్రాలీ లేకుండా రంపంతో ఏం చేస్తారు వదినగారూ?” అంది పెద్దకోడలు.

“గాలిని కోసుకుంటాడు. పంపకం కావాలని వీడే కదా కబురు పెట్టాడు? ఆ రెండోవాడు సరేనని కదా తలూపాడు? నేను చెప్పింది బాగాలేదా? పోనీ, ఇద్దరూ కలిసి వేరే చెప్పమను.”

కలిసి చెప్పడం అన్నదే ఆ ఇంట్లో లేదు. ఎప్పుడో ఒక తలుపు చెక్క వంకరగా తెగింది. కోత వంకరపోయిందన్నాడు గీత గీసిన అన్న. గీతే వంకరగా ఉందన్నాడు కోసిన తమ్ముడు. అంతే, ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మిల్లులో మాత్రం ఆ లోటు ఎవరికీ తెలియలేదు. రంపం తిరుగుతుంటే పక్కనున్న మనిషి అరుపే వినపడదు కాబట్టి అక్కడ పనంతా చేతి సైగలతోనే. అరచెయ్యి ఎత్తితే ఆపు, వేళ్ళాడిస్తే రా, పిడికిలి బిగిస్తే వెనక్కి. సైగలకు కోపం అంటదు. ఇంట్లో మాటలు మోయడానికి తోడికోడళ్ళున్నారు.

“అంతా బాగానే ఉందండీ,” అన్నాడు బట్టీ ఆయన, భుజాల మీద పిండి దులుపుకుంటూ. “మరి నా దుంగ? సగం రంపంలో ఉంది, సగం ట్రాలీ మీద ఉంది. అది ఎవరి వాటా?”

అక్క దుంగ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. తిరిగి రావడానికి కాస్త సమయమే పట్టింది.

“ముందు దీన్ని బయటికి లాగండి. ఇది బయటపడ్డ మరుక్షణం పంపకం.”

“త్వరగా కానివ్వండి బాబూ. అక్కడ పిండి పొంగుతోంది. పిండి పొంగేటప్పుడు పక్కన మనిషి లేకపోతే అలుగుతుంది. అసలు ఈ చెట్టు నాకు మొదట్నుంచీ అచ్చిరాలేదు. ఇది మొక్కగా ఉన్నప్పుడు, నేను పెళ్ళిచూపులకని సైకిలు బయటికి తీయబోతే, ఎవడో దాన్ని దీనికి కట్టేసి…”

“పాత సోది తర్వాత,” అంది అక్క.

“సోది కాదు పంతులమ్మగారూ. చూపులకు ఆలస్యంగా వెళ్ళేసరికి వాళ్ళు తలుపే తీయలేదు.”

“అయ్యో, మరి వేరే సంబంధం చూసుకోలేదా?” అంది చిన్నకోడలు.

“చూసుకుంటే ఈ ముసలితనంలో పిండితో కాపురం చేస్తానా తల్లీ?”

అన్నదమ్ములకు ఇవేవీ చెవికెక్కడం లేదు. వాళ్ళ గొడవలో వాళ్ళున్నారు.

“మొదలు వైపు ఎవరైనా కొలిచారో లేదో అడుగు,” అన్నాడు పెద్దవాడు భార్యతో. ఎదురుగా నిలబడ్డ తమ్ముడి వైపు చూడలేదు.

“కొలిచానని చెప్పండి వదినా,” అన్నాడు చిన్నవాడు. “మూత కంటే వేలెడు ఎక్కువుందని ఆ రోజే చెప్పానని కూడా చెప్పండి.”

“ఎవరికి చెప్పాడట?”

“గోడకి.”

అక్క తల తిప్పింది. “గోడకేంట్రా?”

“ఆ రోజు వదినా, మా ఆవిడా బజారుకెళ్ళారక్కా. చెప్పడానికి మనిషి లేదు. అందుకని ఆ గోడ వైపు తిరిగి గట్టిగా చెప్పాను. దానికే ఆనుకుని కూర్చున్నాడు ఆయన. కావాలంటే గోడని అడగండి.”

“గోడకు చెప్పిన మాట నేను వింటే చాటుగా విన్నట్టవుతుంది,” అన్నాడు పెద్దవాడు. “నాకు అలాంటి అలవాటు లేదు. పైగా నేనూ కొలిచాను. వేలెడు తక్కువే ఉంది. నేనూ చెప్పాను.”

“నువ్వెవరికి చెప్పావురా?”

పెద్దవాడు కాసేపు పైకప్పు చూశాడు. “స్తంభానికి.”

బట్టీ ఆయన గోడనూ స్తంభాన్నీ మార్చి మార్చి చూశాడు. “నయం. రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుని ఉంటే నా బల్ల ఈపాటికి అయిపోయుండేది.”

ఇక పని మొదలైంది. రంపమంటే పైచక్రానికీ కిందచక్రానికీ మధ్య నిలువునా పరుగెత్తే ఉక్కు పట్టీ. కోత మధ్యలో ఆగిపోయిన దుంగను వెనక్కి లాగితే, ఆ పట్టీ దుంగతో పాటు వచ్చి చక్రాల మీంచి జారుతుంది. జారితే తెగినా తెగుతుంది, తెగితే మనిషిని కోసినా కోస్తుంది. కాబట్టి తెగినంత మేరా కోతలోకి ఉక్కుచీలలు దిగ్గొట్టి సందు విప్పాలి. ఒకడు రంపం దగ్గర కూర్చుని పట్టీని కనిపెట్టాలి. రెండోవాడు అవతల ట్రాలీని గునపంతో వెంట్రుకవాసి చొప్పున వెనక్కి జరపాలి. అన్న రంపం దగ్గర కూర్చున్నాడు. తమ్ముడు గునపం అందుకున్నాడు. అన్న అలవాటుగా పిడికిలి బిగించి పైకెత్తాడు.

తమ్ముడికి కనపడితే కదా! మధ్యలో దుంగ ఉంది. అన్న మునివేళ్ళ మీద నిలబడి చెయ్యెత్తినా దుంగ వీపు దాటి వేలి కొన కూడా పైకి రాలేదు. ఇన్నేళ్ళూ మాట అక్కర లేకుండా నడిచిన పని ఒక్కసారిగా గుడ్డిదైపోయింది.

“చెప్పు,” అన్నాడు పెద్దవాడు భార్యతో. “ఆ దున్నపోతుని మెల్లగా జరపమను. పోయినసారిలా కుమ్మితే ఊరుకోనని చెప్పు.”

పెద్దకోడలు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని దుంగ చుట్టూ తిరిగి వెళ్ళింది.

“చేతులు జాగ్రత్త నాయనా, తొందరేం లేదు అంటున్నారు మీ అన్నయ్య.”

చిన్నవాడు గునపం పట్టిన చేతితోనే నుదుటి చెమట తుడుచుకున్నాడు. తర్వాత తన భార్యతో, “ముసలి గద్దలా అక్కడ కూర్చుని ఊరికే హుకుములు జారీ చేయకుండా, పట్టీ మీద కన్నేసి ఉంచమను,” అన్నాడు.

చిన్నకోడలు ఈ పక్కకు వచ్చింది. “మీ చూపు ఉంటే చాలట బావగారూ, తనకు భయం లేదంటున్నారు.”

మిల్లు నడుస్తున్నప్పుడైతే ఇదంతా ఎవరికీ వినపడేది కాదు. ఇప్పుడు మోటారు ఆగి ఉంది. దుంగ చివరి కొసన, రెండు పక్కలూ కనపడేచోట, రెండు పక్కలూ వినపడేచోట, అక్క నిలబడి ఉంది. బడిలో ఏళ్ళ తరబడి వెనక బెంచీ గుసగుసలు విన్న చెవులవి.

“ఆగండి,” అంది. తోడికోడళ్ళిద్దరూ ఉన్నచోటనే ఆగిపోయారు. “పెద్దమ్మాయ్, ఇటు రా. వాడు నీతో ఏమన్నాడు?”

“మెల్లగా… జరపమన్నారు.”

“దున్నపోతు ఏమయ్యాడు?”

పెద్దకోడలు కొంగు అంచు వేలికి చుట్టుకుంది.

“చిన్నమ్మాయ్. ముసలి గద్ద ఎక్కడ ఎగిరిపోయింది?”

దుంగకు ఆ వైపు నుంచి, ఈ వైపు నుంచి ఒకేసారి రెండు తలలు బయటికొచ్చాయి. ఒకటి నెరిసింది, ఒకటి నెరుస్తోంది.

“గద్దా?” అన్నాడు పెద్దవాడు.

“దున్నపోతా?” అన్నాడు చిన్నవాడు.

“ఎన్నాళ్ళ నుంచి సాగుతోంది ఇది?” అంది అక్క కోడళ్ళతో.

పెద్దకోడలే నోరు విప్పింది. “మొదట్నుంచీ వదినగారూ. వండింది వాళ్ళే. మేం వడ్డించేటప్పుడు కాస్త కారం తీసేశాం.”

అంతే. ఆ తర్వాత కాసేపు అక్కడ జరిగింది చూస్తే నవ్వొచ్చేది.

“అంటే, నాకు దగ్గొచ్చినప్పుడు తేనె పంపింది…” అని చిన్నవాడు వదిన వైపు తిరిగాడు.

“నేను పంపలేదు,” అన్నాడు పెద్దవాడు స్తంభంతో. “వాడి దగ్గు మన మోటారు కంటే గోలగా ఉందన్నాను. అంతే అన్నాను.”

“ఆయన కళ్ళజోడు విరిగినప్పుడు మాత్రం నేను బాధపడ్డానా? ఇకనైనా గీత తిన్నగా గీస్తాడేమో అన్నాను,” అన్నాడు చిన్నవాడు గోడతో.

“నాకేమో, రెండు రోజులు మిల్లు నేను చూసుకుంటాను, కళ్ళకు విశ్రాంతి ఇమ్మను అని వచ్చింది!”

“అది కూడా అన్నాను,” అన్నాడు చిన్నవాడు, కాస్త తగ్గి. “అది మాత్రం నేనే అన్నాను.”

పెద్దవాడు కళ్ళజోడు తీసి, పంచె కొసతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

అబద్ధమాడటం పాపమని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. ఆ ఇద్దరు ఆడవాళ్ళూ రోజూ దీపం పెట్టి దణ్ణం పెట్టుకుని, ఆ నోటితోనే ఇన్నేళ్ళూ అబద్ధాలు మోశారు. ఆ దణ్ణాలు అందుకున్నవాడు వీటిని వినలేదనుకోవాలా, విని ఊరుకున్నాడనుకోవాలా? ఈ సంగతి తేల్చగలిగినవాళ్ళు మనకంటే పెద్దవాళ్ళు. మనకు తెలిసిందల్లా, వాళ్ళు మోయని మాట ఒక్కటే, ఆ బజారుకెళ్ళిన రోజుది. ఆ ఒక్కటే దుంగలా అడ్డం పడింది.

“ఇవాళ్టి నుంచి ఎవరూ ఎవరి మాటా మోయకూడదు,” అంది అక్క. గుత్తి గలగలలాడింది. “అమ్మాయిలూ, ఇలా వచ్చి నా పక్కన కూర్చోండి. పెద్దోడా, చిన్నోడా, దుంగ మీది. లాగుతారో, దీన్నిక్కడే ఉంచి చుట్టూ ఇల్లు కట్టుకుంటారో మీ ఇష్టం.”

ఇద్దరూ తమ తమ చోట్లకు వెళ్ళారు. గునపం మెల్లగా కిర్రుమంది. ట్రాలీ కొద్దిగా కదిలింది. మళ్ళీ కదిలింది. పెద్దవాడి కళ్ళు ఉక్కు పట్టీ మీదే ఉన్నాయి. అది పైచక్రం అంచుకు జరుగుతోంది. అతను పిడికిలి ఎత్తాడు, దించాడు. అరచెయ్యి ఎత్తాడు. భార్య వైపు చూశాడు. ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పట్టీ ఇంకో గోరెడు జరిగింది. అవతల తమ్ముడి చేతులు పట్టాల మీద, సరిగ్గా పట్టీ జారితే పడేచోట ఉన్నాయి.

“ఆపరా!”

మిల్లు పైకప్పు మీది పావురాళ్ళు ఎగిరిపోయాయి.

“ఆపాను,” అంది దుంగ అవతలి నుంచి ఒక గొంతు. కాసేపాగి, “అన్నా,” అంది.

“చేతులు తియ్యి ముందు అక్కణ్ణుంచి.”

“తీశాను.”

“రెండూ తీశావా?”

“నాకున్నవే రెండు.”

పెద్దకోడలు చిన్నకోడలి చెయ్యి పట్టుకుంది. పెద్దవాడు చెక్కసుత్తితో పట్టీని తట్టి చక్రం మీదికి నెట్టాడు. “ఊఁ, ఇప్పుడు జరుపు. మెల్లగా రా, దున్నపోతా.”

“దున్నపోతు మెల్లగానే లాగుతుంది. తొందరంతా గద్దకే.”

“ఎడమ పక్క చీల ఊడుతోంది, కొట్టు.”

“నీ ఎడమా, నా ఎడమా?”

“ఎదురెదురుగా ఉన్నాం కదరా వెధవా, నీ కుడి!”

“అలా చెప్పు మరి. పెద్ద కొలతలాయనవి కదా!”

తోడికోడళ్ళు ప్రతి మాటకూ ఉలిక్కిపడుతూ, కారం తీయని కూర మొదటిసారి తింటున్న మొగుళ్ళను చూస్తూ కూర్చున్నారు. ఆశ్చర్యమేమంటే ఎవరికీ పొలమారలేదు. తిట్టుకో వెంట్రుకవాసి చొప్పున దుంగ వెనక్కి జరుగుతూనే ఉంది. చివరికి రంపాన్ని వదిలి, గట్టిగా నిట్టూర్చినట్టు చప్పుడు చేసి, పట్టాల కొసన ఆగింది.

చిన్నవాడు గునపం పారేసి నిచ్చెనెక్కాడు. పైచక్రం మూతను చేత్తో తడిమాడు.

“అన్నా. మూత మీద గీత కూడా పడలేదు. రంగు చెక్కుచెదరలేదు.”

“అంటే?”

“దుంగ దీనికి తగల్లేదు.”

పెద్దవాడు టేపు తీశాడు. ఒక కొస తను పట్టుకుని రెండో కొస పైకి విసిరాడు. చిన్నవాడు అందుకున్నాడు. ఒకే టేపును ఇద్దరూ పట్టుకోవడం ఎన్నాళ్ళకో. మూపు మీద బెరడు ఉన్నచోట వేలెడు ఎక్కువ, రాలిపోయినచోట వేలెడు తక్కువ.

“నువ్వు బెరడుతో కొలిచావు,” అన్నాడు పెద్దవాడు.

“బండి మీంచి దించినప్పుడు రాలింది. ఆ తర్వాత నువ్వు కొలిచావు.”

“గోడా నిజమే చెప్పింది, స్తంభమూ నిజమే చెప్పింది,” అన్నాడు బట్టీ ఆయన. “మరి నా దుంగ దేనికి ఆగినట్టు?”

పెద్దవాడు రంపం మీద వేలు పెట్టి మెల్లగా కిందికి జరిపాడు. ఒకచోట వేలు ఆగింది. అక్కడ వరసగా పళ్ళు లేవు.

అక్క లేచింది. “ఏదైతేనేం, దుంగ బయటికొచ్చింది. ఇచ్చిన మాట ప్రకారం, రండి, పంపకానికి కూర్చోండి.”

చిన్నవాడు నిచ్చెన మీంచి అన్న వైపు చూశాడు. పెద్దవాడు రంపాన్నే చూస్తున్నాడు.

“బోసినోటి రంపాన్ని ఏం పంచుకుంటామక్కా? ముందు దీనికి పళ్ళు పెట్టించనీ. పళ్ళొచ్చాక చూద్దాం.” తమ్ముడి వైపు తిరిగాడు. “ఏమంటావురా?”

“పళ్ళు పెట్టించాక పదును పెట్టాలి. దానికో నాలుగు రోజులు పడుతుంది,” అన్నాడు చిన్నవాడు.

“తొందరేముంది,” అన్నాడు పెద్దవాడు.

పెద్దకోడలు అటు తిరిగి కళ్ళు మూసుకుని, దణ్ణం పెట్టేది ఎవరికీ కనపడకుండా రెండు చేతులూ కొంగు కింద కలుపుకుంది.

“ఇంతకీ ఏం కొరికి పళ్ళూడాయో చూద్దాం. టార్చిలైటు తే,” అన్నాడు పెద్దవాడు. కోతలోకి ఇంకో చీల దిగ్గొట్టి సందు పెద్దది చేశారు. చిన్నవాడు ఒక కన్ను మూసి, రెండో కన్ను సందుకు ఆనించాడు.

“ఇనుము. గొలుసులా ఉంది. చేవలోకి దిగిపోయి, చుట్టూ చెట్టు పెరిగిపోయింది. దాని కొసన ఇంకేదో ఉంది. రంపం గీసుకుని మెరుస్తోంది. ఇత్తడి. తాళం అన్నా! దాని మీద చిన్న పువ్వు గుర్తు కూడా ఉంది.”

బట్టీ ఆయన చిన్నవాణ్ణి పక్కకు తోసి తాను కన్ను పెట్టాడు. ఎంతకీ తీయలేదు. తీసేసరికి ఆ కంటి చుట్టూ రంపపుపొట్టు అంటుకుని ఉంది.

“అదే! అదే గొలుసు! నా సైకిలుకు వేసింది ఇదే! చక్రం చువ్వలు కత్తిరించుకుని సైకిల్ని లాక్కున్నానుగానీ, దీన్ని ఇక్కడే వదిలేశాను. తాళంచెవి కోసం నేను అడగనివాడు లేడు ఆ రోజు. ఎవడి దగ్గరుందో…” ఆయన దుంగను అరచేత్తో ఒక్క చరుపు చరిచాడు. అది కోపమో, మరేదో ఆయనకే తెలిసినట్టు లేదు. “ఆ చెవి ఎవడి దగ్గరుందో, వాడేనండీ నా పెళ్ళి ఆపినవాడు. ఎందుకు ఆపావని ఒక్క మాట అడగాలని ఇన్నేళ్ళూ చూస్తున్నాను. పంతులమ్మగారూ, బడి మా బట్టీ వీధి మలుపులోనే కదా. మీరేమైనా చూశారా ఆ రోజు?”

అందరూ అక్క వైపు తిరిగారు.

పొద్దున్నుంచి గలగలలాడుతూనే ఉన్న తాళాలగుత్తి ఇప్పుడు చప్పుడు చేయడం లేదు. అక్క దాన్ని గుప్పిట్లో, కణుపులు తెల్లబడేలా, బిగించి పట్టుకుంది. ఆ గుప్పిట సందులోంచి, తల మీద పువ్వున్న చిన్న ఇత్తడి చెవి ఒకటి తొంగిచూస్తోంది. దాన్ని చూసింది చిన్నకోడలు ఒక్కతే.

అక్క కళ్ళు ఆమె కళ్ళను పట్టుకున్నాయి. ఎవరూ ఎవరి మాటా మోయకూడదని ఆజ్ఞ వేసిన ఆ కళ్ళు, ఇప్పుడు ఏదో ఒక మాట చెప్పి తనను గట్టెక్కించమని చిన్నకోడల్ని బతిమాలుతున్నాయి.

చిన్నకోడలు గొంతు సవరించుకుంది.